వ్రాత యొకటి, సత్య మొకటి: ఒరాకిల్ సంస్థాచరిత్రము

(జంపని గ్రామమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కార్యనిర్వాహకవర్గమువారు ఈ సంవత్సరము సభయెదుట నొక తీర్మానము నుంచియున్నారు. మన కుటుంబముల పట్టిక, విద్యానిధి లెక్క, విద్యార్థివేతనముల పద్దు అను మూటిని కాగితపు పుస్తకములనుండి కంప్యూటరునకు మార్చవలె నని దాని సారాంశము. అందులకు వలయు ధనమిచ్చుటకు దాతలు సిద్ధముగా నున్నారు. తీర్మానమునకు ముందు ఆ విద్యయొక్క పుట్టుపూర్వోత్తరములను సభ్యులకు విన్నవింపుమని నన్ను కోరిరి. సంస్కృతవ్యాకరణము చెప్పుకొని బ్రదికిన బడిపంతులకు యంత్రవిద్యతో నేమి పని యని కొంద రనుకొనవచ్చును. కాని యీ విద్యకు మూలము వ్రాతను గూర్చిన వివేకము. యంత్రము తరువాతి మాట. ఆ వివేకమును సరకుగా చేసి యమ్మి, యేబదియేండ్లలోపుననే లోకమునందలి మహాసంస్థలలో నొకటియైన ఒరాకిల్ చరిత్రమును నే డెత్తుకొందును. ఆ చరిత్రమున నభ్యుదయమును గలదు, పతనమును గలదు. రెండింటికిని లెక్కపుస్తకమే కారణము.

మొదట మన యూరి మాట. మనలో అరువది దాటినవారికి గ్రామకరణముల లెక్కలు జ్ఞాపక ముండును. 1984 జనవరిలో ఆ యుద్యోగములు రద్దగువరకు గ్రామమునందలి భూమి యంతయు కరణముగారి దఫ్తరములోనే యుండెడిది. సర్వేనెంబరుల వరుసను వ్రాయునది అడంగలు. పట్టాదారుల వరుసను వ్రాయునది 10(1) లెక్క. ఒకే చెక్క భూమి యీ రెండు పుస్తకములలోను కానవచ్చును. భూమి చేతులు మారినప్పుడు ఒక పుస్తకమున దిద్ది రెండవదానిని మఱచినచో, తండ్రి యమ్ముకొన్న పొలము కొడుకుల పేర నింకొకచోట నిలిచియుండును. తరువాత రెండు తరములవారు తెనాలి కోర్టుచుట్టు తిరుగుదురు. కరణము దుష్టుడు కానక్కఱలేదు. ఒకే సంగతిని రెండుచోట్ల వ్రాయుటయే యా కలహమునకు బీజము. అయితే ఆ పద్ధతిలో నొక గొప్ప గుణమును గలదు. ఊరిలో వేంకటేశ్వర్లు లెందఱున్నను, సర్వేనెంబరు మాత్ర మొక చెక్కకు నొకటియే. పేరు మాఱినను, యజమాని మాఱినను నెంబరు మాఱదు. ఈ రెండు సంగతులను, అనగా రెండుచోట్ల వ్రాయుటలోని కీడును, మాఱని గుర్తునందలి మేలును మనసున నుంచుకొన్నచో డేటాబేసు అను దత్తాంశకోశము సగము తెలిసినట్లే.

ఇక సముద్రముల కావలి మాట. 1960వ దశకమున అమెరికాలో చంద్రమండలయాత్రకై యపోలో రాకెట్టును నిర్మించుచుండగా, దాని లక్షలకొలది భాగములకు లెక్క కావలసివచ్చెను. ఐ.బి.ఎం. సంస్థవారు దానికై ఐ.ఎం.ఎస్. అను వ్యవస్థను కల్పించిరి. అందు వివరము లన్నియు చెట్టు కొమ్మలవలె నమర్పబడియుండెడివి. మొదలునుండి కొమ్మకు, కొమ్మనుండి రెమ్మకు పోయినగాని కావలసిన యాకు దొరకదు. ఆ త్రోవ యెఱిగిన ప్రవీణుడు లేనిచో లెక్క యున్నను లేనట్లే. కొమ్మల యమరిక మార్చినచో పాతత్రోవలన్నియు తప్పును.

ఈ కష్టమునకు విరుగుడు చూపినవాడు ఎడ్గార్ కాడ్ అను ఆంగ్లేయుడు. ఆయన 1923లో జన్మించి, రెండవ ప్రపంచయుద్ధమున విమానచోదకుడై పనిచేసి, పిమ్మట గణితశాస్త్రమునందు కృషిచేసి, ఐ.బి.ఎం.వారి సాన్ హొసే పరిశోధనాలయమున నుండెను. 1970 జూన్ నెలలో ఆయన ప్రకటించిన యొక వ్యాస మీ విద్యకంతకును మూలసూత్రమైనది. వివరములన్నియు సామాన్యమైన పట్టికలుగా నుండవలెను. ప్రతి వరుసకును దానిని గుర్తుపట్టు నొక చిహ్న ముండవలెను. ఒక పట్టికకు వేరొక పట్టికతోడి సంబంధమును ఆ చిహ్నముచేతనే తెలుపవలెను. అడుగువాడు తనకేమి కావలెనో చెప్పవలెనే గాని, దాని నే త్రోవను తేవలెనో యంత్రమే చూచుకొనవలెను. ఇదియే యా వ్యాసతాత్పర్యము.

వ్యాకరణము చదివినవారి కిది క్రొత్త కాదు. పాణిని సర్వనామములను గూర్చి చెప్పవలసినచోట నా పదములన్నిటిని మరల మరల వల్లింపడు. వానిని గణపాఠమున నొకసారి యొకచోట చేర్చి, సూత్రమున నా గణమును పేరుపెట్టి పిలుచును. ధాతువులకు ధాతుపాఠ మట్టిదే. ఒకచోట చెప్పినదానిని వేరొకచోట మరల చెప్పకుండుటయే లాఘవము. కాడ్‌కు పాణిని తెలిసె నని నే ననను. వివేకము గలవారు వేర్వేరు కాలములయం దొకే మర్మమును కనుగొందురని మాత్రము చెప్పుదును.

దీని ప్రయోజనమునకు మన జిల్లాయే నిదర్శనము. 2022 ఏప్రిల్ 4వ తేదీని బాపట్ల జిల్లా యేర్పడినప్పుడు జంపనియు, రేపల్లెయు గుంటూరు జిల్లానుండి విడివడి యందు చేరినవి. తెనాలి గుంటూరుతోనే నిలిచినది. మన పుస్తకములో ప్రతి కుటుంబము పేరునకెదుట జిల్లాపేరు వ్రాసియున్నాము. వానిని దిద్దవలెనన్న ప్రతి పుటయు త్రిప్పవలెను. కొన్ని దిద్దుబాటై కొన్ని మిగిలిపోవును. గ్రామముల కొక చిన్న పట్టిక వేఱుగా నుండి, కుటుంబపు పట్టికలో గ్రామముయొక్క గుర్తు మాత్రమే యున్నచో, జంపని కెదుట నొక్క దిద్దుబాటుతో పని ముగిసెడిది.

కాడ్ చెప్పిన యీ మాటను ఆయన పనిచేయు సంస్థయే వెంటనే యాచరణలో పెట్టలేదు. పాతపద్ధతి యమ్ముడుపోవుచుండగా దానికి పోటీని తామే కల్పించుకొనుట కే వర్తకుడు తొందరపడును? 1974 ప్రాంతమున సిస్టం ఆర్ అను ప్రయోగమును ప్రారంభించిరి. అం దుండిన చాంబర్లిన్, బోయిస్ అను నిద్దఱు పట్టికల నడుగుటకు నేడు ఎస్.క్యు.ఎల్. అని ప్రసిద్ధమైన భాషను కల్పించిరి. జిమ్ గ్రే మొదలగువారు వ్యవహారము చెడకుండ కాపాడు విధానములను శోధించిరి. ఈ పరిశోధనల ఫలములను ఐ.బి.ఎం.వారు దాచక ప్రకటించిరి. వ్యాపార మాలస్యమైనను, విద్య బయటికి వచ్చినది. మనదేశమున నెన్నియో తాళపత్రగ్రంథము లింటిగుట్టుగా నుండి చెదలపాలైనవి. ముద్రితమైన విద్య యెచటనో యొకచోట మొలకెత్తును.

అది మొలకెత్తిన తావు కాలిఫోర్నియాలో నొక చిన్న కార్యాలయము. లారీ ఎలిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ అను మువ్వురు ఆంపెక్స్ అను సంస్థలో కలిసి పనిచేసిన మిత్రులు. వీరు 1977లో సుమారు 2,000 డాలర్ల మూలధనముతో నొక సంస్థను స్థాపించిరి. ఎలిసన్ 1944లో జన్మించి, పెంపుడు తల్లిదండ్రుల యింట పెరిగి, రెండు విశ్వవిద్యాలయములలో చేరియు పట్టము పొందక వెడలినవాడు. కాడ్ వ్యాసమును, సిస్టం ఆర్ పత్రములను చదివి, ఐ.బి.ఎం.వా రమ్మకమునకు పెట్టకమునుపే తామట్టిదానిని చేయవచ్చు నని యాతనికి తోచెను. వెనుక వారు పనిచేసిన ప్రభుత్వపు కార్యమొకదాని రహస్యనామమగు ఒరాకిల్ అనుపేరే తమ సరకునకును పెట్టిరి. ఆ మాటకు పూర్వకాలపు గ్రీసుదేశమున దేవత పలుకు స్థానమని యర్థము. మనవైపు సోదె యడుగబోయినట్లు, వారచటికి పోయి ప్రశ్న యడిగెడివారు. సోదెలో పలుకు నిజమైనను కావచ్చును, కాకపోవచ్చును. ఈ యంత్రము వ్రాసినదానినే పలుకును.

1979లో వారి సరకు బయటికి వచ్చెను. దానికి రెండవ ప్రతి యని పేరుపెట్టిరి. మొదటిప్రతి యమ్ముడైనది లేదు. తొలిప్రతి యన్నచో కొనువారు జంకుదురని యట్లు చేసిరి. అమెరికా వైమానికదళము వారి తొలి గిరాకీదారులలో నున్నది. ఐ.బి.ఎం.వారి యట్టి సరకు 1981లో గాని వెలువడలేదు. 1983లో ఒరాకిల్‌వారు తమ గ్రంథమంతయు సి యను భాషలో మరల వ్రాసిరి. వారి యభివృద్ధికి నాకు తోచిన ముఖ్యకారణమిది. నాడు ప్రతి యంత్రనిర్మాతయు తన యంత్రమునకు మాత్రమే పనికివచ్చు సరకును చేయుచుండగా, వీరిది పెద్ద యంత్రముమీదను, చిన్న యంత్రముమీదను నడిచెను. యంత్రమును మార్చినను లెక్క చెడదన్న ధైర్యము కొనువానికి కలిగెను. 1986 మార్చి 12వ తేదీని సంస్థ వాటాలను ప్రజల కమ్మిరి. ఆ దశాబ్దమున నమ్మకము దాదాపు ఏటేట రెట్టింపగుచు వచ్చెను.

వా రమ్మినది యేమి? పట్టికలు గీయుట యెవరికైనను వచ్చును. వా రమ్మినది యొక వాగ్దానము. విద్యానిధినుండి 10,000 రూపాయ లొక విద్యార్థి ఖాతాకు మార్చుచున్నా మనుకొనుడు. నిధిలో తగ్గింపు వ్రాసితిమి. విద్యార్థి ఖాతాలో చేర్పు వ్రాయులోపల కరెంటు పోయినది. సొమ్ము నిధిలో లేదు, బాలునికి చేరలేదు. ఇట్టిది కూడ దని యీ శాస్త్రపు శాసనము. రెండు వ్రాతలును కలిసి యొక వ్యవహారము. జరిగిన రెండును జరుగవలెను, లేనిచో రెండును జరుగనట్లే యుండవలెను. ఒకమారు జరిగెనని చెప్పినపిమ్మట యంత్రమాగినను, దీప మారినను ఆ వ్రాత నిలువవలెను. బ్యాంకులును, విమానసంస్థలును, ప్రభుత్వములును ఈ వాగ్దానమునకే ధనమిచ్చినవి.

అట్టి సంస్థకు 1990లో మహావిపత్తు కలిగెను. శత్రువు బయటినుండి రాలేదు. అమ్మకమును పెంచవలెనను నాత్రముచేత, గిరాకీదారులు రాబోవు సంవత్సరములలో కొన బోవు సరకును సైత మిప్పుడే యమ్మినట్లు వ్రాసికొనుచు వచ్చిరి. చేతికి రాని సొమ్ము పద్దులో నాదాయమై కూర్చుండెను. నిజము బయటపడగానే వాటాల విలువ కూలెను. ముందు ప్రకటించిన లెక్కలను దిద్ది మరల ప్రకటింపవలసివచ్చెను. వాటాదారులు వ్యాజ్యములు వేసిరి. సుమారు 400 మందిని, అనగా పదింట నొకపాలు ఉద్యోగులను తొలగించిరి. ఒక ఖాతాలో తగ్గి వేరొక ఖాతాలో చేరనిదే వ్యవహారము పూర్తికాదని లోకమునకు యంత్రము చేసి యమ్మినవారు, తమ పుస్తకములో మాత్రము చేరని ధనమును చేరిన దని వ్రాసికొనిరి! వైద్యుని యింటనే పథ్యము చెడినట్లైనది.

వారు నిలదొక్కుకొన్న విధమును తెలిసికొనదగినదే. ధనవ్యవహారములకు క్రొత్త యధికారులను తెచ్చిరి. లెక్క వ్రాయు పద్ధతిని మార్చిరి. 1992లో ఏడవ ప్రతిని వెలువరించి మరల పేరు తెచ్చుకొనిరి. తరువాతి వృద్ధి కొంత కొనుగోళ్ళవలన కలిగినది. 2005లో పీపుల్‌సాఫ్ట్‌ను 1,030 కోట్ల డాలర్లకును, 2010లో సన్ మైక్రోసిస్టమ్స్‌ను 740 కోట్ల డాలర్లకును, 2022లో వైద్యశాలల లెక్కలు చూచు సెర్నర్‌ను సుమారు 2,800 కోట్ల డాలర్లకును కొనిరి. 2020లో ప్రధానస్థానమును కాలిఫోర్నియానుండి టెక్సాసునందలి ఆస్టిన్ నగరమునకు మార్చిరి. 2025 మే నెలతో ముగిసిన సంవత్సరమున సంస్థ రాబడి సుమారు 5,700 కోట్ల డాలర్లు. మువ్వురు మిత్రుల 2,000 డాలర్ల కిది పర్యవసానము.

ఈ కథలో తెలుగువారికి భాగములేకపోలేదు. ఒరాకిల్‌వారికి హైదరాబాదున పెద్ద కార్యస్థానము గలదు. మన బిడ్డలెందఱో అందు పనిచేయుచున్నారు. అంతకంటె ముఖ్యమైనది అమీర్‌పేట. 1990వ దశకపు చివరినుండి మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరములయందలి యిరుకు గదులలో కృష్ణాజిల్లా, గుంటూరుజిల్లా పల్లెలనుండి వచ్చిన పిల్లలు వేలకొలదిగ ఒరాకిల్ నేర్చి, సముద్రములు దాటిరి. వారి తొలిపాఠ మేమో యడిగి చూడుడు. స్కాట్ అను పేరును, టైగర్ అను సంకేతపదమును చెప్పి లోనికి పోవుట. పదునలుగురు ఉద్యోగుల పట్టికను చూచుట. స్కాట్ ఆ సంస్థ తొలి యుద్యోగులలో నొకడు. టైగర్ ఆయన యింటి పిల్లి. పొలమమ్మి ఫీజు కట్టిన రైతు కుమారునికి సరస్వతి యా పిల్లి పేరుతో ద్వారము తెఱచినది. హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ళగారు 2014లో మైక్రోసాఫ్ట్ సారథ్యము వహింపకమునుపు నడపిన విభాగములోనిదే ఒరాకిల్‌కు పోటీయైన ఎస్.క్యు.ఎల్. సర్వర్.

మన ప్రభుత్వమును ఈ త్రోవ పట్టినది. 1998లో కార్డ్ అను పథకముచేత రిజిస్ట్రారు కార్యాలయముల దస్తావేజులు కంప్యూటరు కెక్కినవి. 2015లో మీభూమి వచ్చినపిమ్మట, ఒకప్పుడు కరణముగారి దఫ్తరములోనుండిన అడంగలును, నేడు 1-బి యనబడు పట్టాదారుల లెక్కను ఎవడైన తన యింట కూర్చుండి చూడగలడు. కాని తప్పు వ్రాసి యెక్కించినచో యంత్రము దానినే నూఱుచోట్ల, నూఱుమారులు చూపును. యంత్రమునకు జ్ఞాపకశక్తి గలదు, మనస్సాక్షి లేదు. ఎక్కించువానియందే అది యుండవలెను.

ఇక ప్రస్తుతమునకు వచ్చెదను. తీర్మానమును నేను బలపఱచుచున్నాను. కాని నాలుగు నియమములతో.

మొదటిది: తెనాలి, బాపట్ల, రేపల్లె శాఖలవారు మూడు పట్టికలు వ్రాసికొనుట మానవలెను. ఉద్యోగరీత్యా బాపట్లలో నుండి స్వగ్రామము రేపల్లె చెంత నున్న కుటుంబము రెండు పుస్తకములలోను ఎక్కును. తెనాలిలో అద్దెయింట నుండు నిరుపేద వితంతువు కుటుంబము ఏ పుస్తకములోను ఎక్కదు. మొదటి యింటిబాలునికి రెండు విద్యార్థివేతనములు రాగలవు. రెండవ యింటి బాలిక కొక్కటియు రాదు. కుటుంబమున కొక గుర్తుసంఖ్య, ఒకే వరుస. ఇది యంత్రసౌకర్యము మాత్రమే కాదు, న్యాయము.

రెండవది: దాతలు మన్నింతురుగాక! ఈ వేదికపై ప్రకటించిన చందా నిధి కాదు. కోశాధికారికి చేరిన సొమ్మే నిధి. వాగ్దానముల కొక పట్టికయు, చేరినదానికి వేఱొక పట్టికయు నుండవలెను. వేతనములను రెండవ పట్టికను చూచియే మంజూరు చేయవలెను. దాత యొక నెల యాలస్యము చేసిన సంఘమునకు వచ్చు లోపము లేదు. ఫీజు కట్టవలసిన తేదీ దాటినచో బాలున కొక సంవత్సరము పోవును. లోకమునందలి యంత లెక్కల సంస్థయే యీ భేదమును మఱచి కూలబోయినది. మన చిన్ననిధి యెంతటిది?

మూడవది: పుస్తకము మనది, తాళమును మనదే కావలెను. ఒక సంస్థ పద్ధతిలో నెక్కించిన లెక్కలను వేరొకదానికి మార్చుట శ్రమయు, వ్యయమును. మనబోటి చిన్న సంఘమునకు ఒరాకిల్ వంటి మహాయంత్రము కొననక్కఱలేదు. బర్క్‌లీ విశ్వవిద్యాలయపు పరిశోధనలనుండి పుట్టిన పోస్ట్‌గ్రెస్ అనునది కాడ్ సూత్రములనే యనుసరించి, వెల లేకయే దొరకుచున్నది. దాతల ధనమును సరకునకు గాక, దానిని నిర్వహింప నేర్చు మన బాలబాలికల చదువునకు వెచ్చించిన మేలు. నెలకొకమారు ప్రతి తీసి రెండు వేఱు చోట్ల భద్రపఱుపవలెను.

నాల్గవది: వ్రాయదగనిది వ్రాయకుండుట. ఆడుబిడ్డల పుట్టినతేదీలు, ఇంటి ఋణములు, రోగములు, వివాహవిచ్ఛేదములు సభాపత్రికలో ముద్రించు సంగతులు కావు. 2023లో మన పార్లమెంటు వ్యక్తిగతసమాచారరక్షణకు చట్టము చేసినది. అంతకుమునుపే మన పెద్దల మర్యాద యొకటి గలదు: ఇంటిగుట్టు నడిగినవాని కెల్ల చెప్పరాదు. విద్యార్థివేతనమున కవసరమైనంత మాత్రమే యడుగవలెను. చూచుటకు అధికారము ముగ్గురికో నలుగురికో యుండవలెను. తన వరుసలో తప్పున్నచో దిద్దింపుమని యడుగు హక్కు ప్రతి కుటుంబమునకు నుండవలెను.

కులసంఘము లెందుకని యువకులు కొంద రడుగుచున్నారు. పాతగొప్పలు చెప్పుకొనుట కైనచో వారి ప్రశ్నకు ప్రత్యుత్తరము లేదు. చదువుకొను పేదబిడ్డ పేరు తప్పిపోకుండ నొక పుస్తకమున వ్రాసి, ఆ వ్రాతను నిలుపుకొనుట కైనచో నున్నది. కాడ్ మహాశయుడు తన విద్యను దాచినచో ఎలిసన్ లేడు, అమీర్‌పేట లేదు, విదేశమునుండి నేడు మనకు చందా పంపు మన పిల్లలును లేరు. కావున విద్యానిధి ద్వారము మన యూరిలోని యితరకులముల పేదవిద్యార్థులకును కొంత తెఱచియుంచుట యుచితమని నా యభిప్రాయము. దీనిని గూర్చి సభవారు వేఱుగా నాలోచింతురుగాక.

ఒక సంగతిని ఒక్కచోట వ్రాయుడు; వ్రాసినది చేయుడు; చేయనిది వ్రాయకుడు. ఇంతకుమించిన డేటాబేసు శాస్త్రము నా యెఱుకలో లేదు.